విప్పిన ఇల్లు

మా మేనమామ ల్యూడర్ మైనెకె వడ్రంగి. ఇళ్ళు కట్టే వడ్రంగి. కుర్చీలూ బల్లలూ చేసేవాళ్ళని ఆయన వడ్రంగుల కింద జమకట్టేవాడు కాదు. ఆయన చేతుల మీదుగా లేచిన ఇళ్ళు మూడంటే మూడు. నేలకు దిగినవి పంతొమ్మిది. ఇరవయ్యోది మెట్టా హార్మ్స్ గారి ఇల్లు. ఆ తర్వాత ఆయన ఇంకే ఇంటి మీదా చెయ్యి వెయ్యలేదు.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న యుద్ధం నుంచి తిరిగి రాలేదు. మామయ్య భార్య ఆల్మా అత్తయ్య నన్ను చేరదీసింది. పంతొమ్మిదొందల నలభై ఆరులో మామయ్య యుద్ధఖైదీల శిబిరం నుంచి నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు, ఈ పిల్ల ఇక్కడెందుకుంది అని అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి పైకి చూసి, "కప్పు ఎక్కడ కారుతోంది?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే నిచ్చెన ఎక్కాడు.

మా హోల్ట్‌బెక్ చుట్టుపక్కల పాత ఇళ్ళన్నీ ఒకే పోలిక. ఒకే రెల్లుకప్పు కింద మనుషులు, ఆవులు, గుర్రాలు, గడ్డి. గడ్డిబండి తోలుకుపోగలిగినంత తలుపు, దాని వెనక ఇంటి లోపలే ధాన్యం నూర్చే పొడవాటి మట్టి కళ్లం, రెండు పక్కలా పశువులు, చిట్టచివర పొయ్యి. పొగగొట్టం ఉండేది కాదు. పైన వేలాడదీసిన పంది తొడలకు పట్టి, అటక మీది గడ్డిని ఆరబెట్టి, పొగ రెల్లులోంచి తన దారి తను చూసుకునేది. ఇంత బరువూ మోసేవి కళ్లానికి అటూ ఇటూ నిలబడ్డ రెండు వరసల ఓక్ స్తంభాలు. బయటి గోడలు చలిగాలిని ఆపడానికే. వాటిని పీకేసినా ఇల్లు కదలదు.

పచ్చి ఓక్‌ని నేల మీదే పరిచి, ఒకదానికి నాలుక చెక్కి, ఇంకోదానికి బెజ్జం తొలిచి, రెండూ కలిపి చూసి, రెండింటి మీదా ఉలితో ఒకటే గుర్తు కొట్టేవాళ్ళు. అన్నీ సిద్ధమయ్యాక ఊరంతా వచ్చి ఒక్కరోజులో ఎత్తేవాళ్ళు. ఇనుప మేకు ఒక్కటి వాడరు, అన్నీ ఓక్ శీలలే. చెక్క ఎండేకొద్దీ పట్టు బిగుస్తుంది. మామయ్య ఎత్తిన మూడిళ్ళూ ఇరవయ్యారు, ఇరవై తొమ్మిది, ముప్ఫై ఒకటిలో. మూడో ఇల్లు లేచిన రోజు ఆనవాయితీ ప్రకారం కప్పు కొసన ఆకుల దండ కట్టి, సారా తాగి, గ్లాసు కిందికి విసిరికొట్టినప్పుడు ఆయనకు పాతికేళ్ళు. అలాంటి రోజులు ఇంకా వందొస్తాయనుకున్నాడట. అదే చివరిది.

యుద్ధం తర్వాత అందరికీ సిమెంటు కావాలి. ఆవులకు గట్టి నేల కావాలి, పాలు పితికే యంత్రాలు కావాలి. దూలానికి తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగితే మూడొందల ఏళ్ళ ఇల్లు ఒక పూటలో పడిపోయేది. మామయ్యను పిలిచినవాళ్ళు మాత్రం కొంచెం మర్యాదస్తులు. కప్పు దింపి, దూలాలు చీలిపోకుండా తీయించుకునేవాళ్ళు, దొడ్లో ఏ పాకకో పనికొస్తాయని. ఆ రోజుల్లో ఆయన భోజనాల దగ్గర కూర్చుని ఏ ఇంట్లో ఏ స్తంభం మొదట్లో కుళ్ళిందో, ఏది ఇనుములా ఉందో చెప్పేవాడు, చావింటి నుంచి వచ్చినవాళ్ళు రోగం సంగతులు చెప్పినట్టు. అత్తయ్య వినలేక, "ఇంక చాల్లే, పిల్ల తిననీ," అనేది. అరవై ఒకటిలో అత్తయ్యా పోయింది. నేను పాల సహకార సంఘంలో టైపు కొట్టే ఉద్యోగంలో చేరాను. ఇంట్లో ఇద్దరమే మిగిలాం.

అరవై ఏడు వసంతంలో హైనో హార్మ్స్ మా ఇంటికొచ్చాడు. అరవై ఆవులకు కొత్త కొట్టం కట్టాలని చూస్తున్నాడు. పాత ఇల్లు సరిగ్గా దాని చోటులో ఉంది. కానీ ఆస్తి కాగితాల మీద వాళ్ళమ్మ మెట్టా సంతకం లేనిదే ఇటుక కూడా కదలదు. ఆవిడేమో, నేను బతికుండగా నా ఇంటికి తాడు కట్టనివ్వనని భీష్మించుకు కూర్చుంది.

"నువ్వు చెప్తే వింటుంది, ల్యూడర్ మామా," అన్నాడు హైనో.

"తాడు పని నేను చెయ్యను. వెళ్ళు," అన్నాడు మామయ్య.

రెండు వారాలకు జిల్లా కేంద్రం నుంచి కారులో డాక్టర్ రేబైన్ అనే అధికారి దిగాడు. జిల్లాలోని పాత ఇళ్ళన్నీ పోతున్నాయనీ, మచ్చుకు ఆరింటిని జాగ్రత్తగా విప్పి, ఏటి పక్కన ఒకచోట తిరిగి నిలబెట్టి, అందరూ చూసేలా ఉంచుతారనీ, మొదటిది హార్మ్స్ ఇల్లేననీ చెప్పాడు. పెద్ద కాగితం బల్ల మీద పరిచాడు. చెరువు, చెట్లు, ఆరు కప్పులు, రంగు పెన్సిళ్ళతో గీసినవి.

"ఈ పని చెయ్యగలవాళ్ళు మన జిల్లాలో ఇంకెంతమంది ఉన్నారు, మేస్త్రీ గారూ?"

"ఇద్దరం ఉండేవాళ్ళం. కోర్డ్ వ్యూబె పోయిన ఆకురాలు కాలంలో చనిపోయాడు."

"అయితే విప్పేది మీరే. నిలబెట్టేదీ మీరే."

నేను కాఫీ పోస్తూ మామయ్య ముఖం చూశాను. అరవై ఒక్కేళ్ళ మనిషి, బడికెళ్ళే పిల్లాడిలా ఆ బొమ్మ మీదికి వంగి, "ఈ కప్పు వాలు తప్పు గీశారు," అన్నాడు. అప్పుడే అనుకున్నాను, ఈయన వెళ్తాడు మెట్టా దగ్గరికి అని.

ఆదివారం నన్నూ తీసుకెళ్ళాడు. మెట్టా పొయ్యి పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. డెబ్బై మూడేళ్ళు ఆవిడకు. మామయ్యను పనికుర్రాడుగా ఉన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి.

"ఏరా ల్యూడర్, నా కొడుకు పంపాడా, ఆ కారు దొర పంపాడా?"

"ఎవరూ పంపలేదు మెట్టక్కా. నేనే వచ్చాను."

"అబద్ధమాడేటప్పుడు టోపీ తీసి నలుపుతావు. చిన్నప్పట్నించీ అంతే. కూర్చో."

మామయ్య కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టాడు.

"హైనో ఆగడక్కా. ఇవాళ కాకపోతే నీ తర్వాత. అప్పుడు తాడే. నేను చెప్పేది కూలగొట్టడం కాదు. చొక్కా చింపడం వేరు, గుండీలు విప్పి మడతపెట్టడం వేరు. ప్రతి చెక్కకీ గుర్తుంటుంది. దేని పక్కన ఏదో నేను రాసుకుంటాను."

"విప్పిన చొక్కా మళ్ళీ తొడుగుతావా?"

"తొడుగుతాను."

"ఎప్పుడు?"

"రెండేళ్ళు. మహా అయితే మూడు."

"నువ్వు నిలబెడతావా, వాళ్ళా?"

"నేనే."

ఆవిడ కత్తి పక్కన పెట్టి కళ్లం వైపు చూసింది. ఒక ఆవు గొలుసు లాగుతోంది. "నాకు ఇష్టం లేదురా," అంది. "దీన్ని కదపొద్దనే ఉంది నాకు. కానీ నువ్వు ఇంతవరకూ నాకు చెడ్డ పని చేసిపెట్టలేదు." తర్వాత నా వైపు తిరిగి, "గేషె, నువ్వు సాక్షివి," అంది నవ్వుతూ.

సంతకం పెట్టింది.

ఆ వేసవి అంతా మామయ్య ఆ ఇంటితోనే ఉన్నాడు. రెల్లు దింపాడు, వాసాలు దింపాడు, తడికల మీది మట్టి రాల్చాడు. ఒక్కో శీలనూ వెనక నుంచి కొట్టి బయటికి తీశాడు. విరగ్గొట్టినవి నాలుగే. ప్రతి చెక్కకూ జింకు బిళ్ళ కొట్టి, నాలుగు నోటుపుస్తకాల్లో బొమ్మలు గీశాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెబుతుంటే నాకే ఆశ్చర్యంగా ఉండేది, ఈయనకు ఇన్ని మాటలెక్కడివని.

"పదహారొందల యాభై రెండులో కట్టినవాడు ఒకచోట బెజ్జం తప్పు పక్కన తొలిచాడే అమ్మాయ్! ఎవరికీ తెలీకుండా ముక్క అతికించి, పైన ఇంకో చెక్క అడ్డం పెట్టి దాచేశాడు దొంగవెధవ. మూడొందల పదిహేనేళ్ళకి నాకు దొరికాడు." కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

మెట్టా చిన్న ముక్కను కూడా వదల్లేదు. దొడ్లో కుర్చీ వేసుకుని కూర్చుని, దిగే ప్రతి చెక్క గురించీ అడిగేది.

"అదేంట్రా?"

"పొయ్యి వైపు మూడో స్తంభం అక్కా."

"హైనో పుట్టినప్పుడు దాన్నే పట్టుకున్నాను. మంత్రసాని చెయ్యి కన్నా అదే గట్టిగా ఉంది." హైనో వినిపించుకోనట్టు ఇటుకల బండి వైపు వెళ్ళిపోయాడు.

ఆగస్టు ఆఖరుకి అంతా లారీల మీద పదకొండు కిలోమీటర్ల దూరంలోని ఒక పాడుబడ్డ ఇటుకబట్టీ షెడ్డుకు చేరింది. గాలాడేలా ప్రతి వరసకూ మధ్య సన్న పట్టీలు వేసి పేర్చాడు మామయ్య. మెట్టా కొత్త ఇటుకింట్లోకి మారింది. ఆ ఇంటి నడవా ఇరుకు, గదులు వెచ్చన. వెచ్చగా ఉందన్న మాట ఆవిడ ఒప్పుకునేది. అంతకు మించి ఏమీ అనేది కాదు.

మొదటి ఏడాది స్థలం కొలతలు జరిగాయన్నారు. రెండో ఏడాది నీటి శాఖ అభ్యంతరం పెట్టిందన్నారు. మూడో ఏడు డాక్టర్ రేబైన్‌కు పెద్ద పదవి వచ్చి వేరే ఊరు వెళ్ళిపోయాడు. వెళ్తూ మామయ్యకు కార్డు రాశాడు, పని మంచి చేతుల్లో ఉందని. ఆ మంచి చేతులవాళ్ళు ఈతకొలను కట్టించారు. కొలను ప్రారంభానికి మామయ్యకు పిలుపు వస్తే, పిలుపు వెనక వైపు స్తంభాల లెక్క రాసుకున్నాడు.

ఏటా వసంతంలో సైకిలు మీద ఇటుకబట్టీకి వెళ్ళేవాడు. బరువైనవి కదల్చలేడు, చిన్నవాటిని మాత్రం తిరగేసి పేర్చేవాడు. షెడ్డు కప్పులో రేకులు ఊడితే సొంతంగా తారుగుడ్డ కప్పాడు. నేను ఆయన తరఫున ఉత్తరాలు టైపు చేసేదాన్ని. నా దగ్గర ఇరవై మూడు నకళ్ళున్నాయి. జవాబులు ఏడు. అన్నింటిలోనూ "మీ శ్రద్ధకు ధన్యవాదాలు" అనే ఉండేది.

ఆదివారం చర్చి అయ్యాక మెట్టా గేటు దగ్గర నిలబడి అడిగేది. "ఏరా, నా ఇల్లు ఎప్పుడు లేస్తుంది?" మొదట్లో నవ్వుతూ అడిగేది. తర్వాత పక్కవాళ్ళు వినేలా అడిగేది. డెబ్బై రెండు నుంచి అడగడం మానేసింది. పలకరింపుగా తల ఊపి వెళ్ళిపోయేది. ఆమె అడిగినన్నాళ్ళూ మామయ్య ఏదో ఒకటి చెప్పగలిగేవాడు. మానేశాక చర్చికి వెనక గుమ్మం నుంచి వెళ్ళడం మొదలుపెట్టాడు.

డెబ్బై నాలుగు నవంబరులో మెట్టా చనిపోయింది. మా వైపు పాత ఇళ్ళలో శవపేటికను కళ్లం నడుమ ఉంచేవాళ్ళు, పశువుల మధ్య. ఊరంతా వచ్చి చుట్టూ నిలబడి, తర్వాత ఆ పెద్ద తలుపు తెరిచి బయటికి మోసుకెళ్ళేవాళ్ళు. కొత్తింట్లో ఆవిడ పడకగది నడవా మలుపులో ఉంది. పేటిక మలుపు తిరగలేదు. మోసే ఆరుగురిలో మామయ్య ఒకడు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు. చివరికి నిలువుగా ఎత్తాల్సి వచ్చింది. లోపల ఆవిడ జారిన చప్పుడు అందరికీ వినిపించింది.

హైనో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏడవలేదు. సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చి, కాఫీ, వెన్న కేకు పంచుతుంటే మామయ్య దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఆ రోజు ఊరుకునుంటే మా అమ్మ తన తలుపులోంచి పోయేది."

"నువ్వే కదరా తాడు కడతానన్నావు," అన్నాన్నేను ఉండబట్టలేక.

"అన్నాను. అమ్మ ఒప్పుకునేది కాదు. నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఈ ఏడేళ్ళూ ఆగేవాణ్ణి." పళ్ళెం పట్టుకున్న మామయ్య వైపు తిరిగాడు. "ఒప్పుకున్నది నీ మాట మీద."

మామయ్య పళ్ళెం కిటికీ మీద పెట్టి బయటికి వచ్చేశాడు. దారిలో ఒక్క మాట అన్నాడు. "వాడు చెప్పింది నిజమే."

ఆ తర్వాత కూడా ఇటుకబట్టీకి వెళ్ళడం మానలేదు. ఇల్లు లేస్తే ఏదో సర్దుబాటు అవుతుందని అనుకున్నాడేమో, నేను అడగలేదు. డెబ్బై ఏడులో మోకాళ్ళ నొప్పి వల్ల మార్చిలో వెళ్ళలేకపోయాడు. ఈస్టర్ సోమవారం పొద్దున నా కారులో తీసుకెళ్ళాను. షెడ్డు లేదు. చదును చేసిన నేల, కొత్త కంచె. స్థలాన్ని జిల్లా ఎవరికో అద్దెకిచ్చిందట, ఖాళీ చేయించమన్నారట. పక్క పొలం రైతు చెప్పాడు. కాస్త బాగున్న దూలాలను పాత చెక్క కొనేవాడు ఒకడు తీసుకెళ్ళాడు. పురుగు పట్టినవి, పగుళ్ళున్నవి...

"అవి మన అగ్నిమాపక కుర్రాళ్ళు పట్టుకెళ్ళారు. మొన్న శనివారం ఈస్టర్ మంట ఎంత ఎత్తు లేచిందనుకున్నారు! నాలుగూళ్ళకి కనబడింది. ఓక్ కదా, మండితే మాటలా," అన్నాడు ఆ పెద్దమనిషి మెచ్చుకోలుగా.

మా వైపు ఈస్టర్ ముందురాత్రి పాత చెక్కంతా పోగేసి ఊరంతా చేరి మంట వేస్తారు. ఆ గుట్ట దగ్గర బూడిద ఇంకా వెచ్చగా ఉంది. పిల్లలు ఈస్టర్ రంగు గుడ్ల పెంకులు పారేసి వెళ్ళారు. మామయ్య చేతికర్రతో కెలికాడు. మసి పట్టిన జింకు బిళ్ళలు దొరికాయి, ఎనిమిదో తొమ్మిదో. తుడిచి అంకెలు చదివాడు. ఒక్కోదానికీ అది ఏ చెక్కో చెప్పాడు. నోటుపుస్తకం అవసరం లేకపోయింది. తర్వాత బిళ్ళలను అక్కడే వదిలేసి, "పద," అన్నాడు.

మెట్టా ఇంటి తలుపు పైదూలం ఎక్కడుందో నాలుగు నెలలకు తెలిసింది. హైవే పక్కన ఒక భోజనశాలలో సారా అమ్మే బల్లకు పైన బిగించారు. కట్టించిన దంపతుల పేర్లు, ఏడాది, దేవుడి రక్షణ కోరుతూ ఒక వాక్యం దాని మీద చెక్కి ఉన్నాయి. గోడ పొడవు చాలలేదని భార్య పేరు దగ్గర కోసేశారు. మిగిలింది తలకిందులుగా బిగించారు. మామయ్య దాని కింద కూర్చుని సూప్ తెప్పించుకున్నాడు.

"అసలైన పాత చెక్క, తాతా. మూడొందల ఏళ్ళది," అన్నాడు యజమాని.

"తలకిందులుగా పెట్టారు."

యజమాని పైకి చూసి నవ్వాడు. "తాగడానికొచ్చినవాళ్ళు చదువుతారా ఏంటి?"

మామయ్య సూప్ మొత్తం తాగాడు. డబ్బు ఇచ్చి, బాగుందని చెప్పి లేచాడు. ఆయన గొడవ పడతాడని నేను భయపడుతూ వచ్చాను. పడితే బాగుండుననిపించింది బయటికొచ్చాక. పనిముట్ల పెట్టె ఆ వారమే అమ్మేశాడు, బాడిశలు, ఉలులు, వ్యూబె మేస్త్రి ఇచ్చిన రంపంతో సహా. కొన్నవాడు తోటలో అలంకారానికి కొన్నాడు.

ఎనభై మూడులో జిల్లా నుంచి ఒకతను పూలగుత్తితో వచ్చాడు. కొత్త తరం, మర్యాద తెలిసినవాడు. కాలం మారిందనీ, పోయిన ఇళ్ళ గురించి ప్రదర్శన పెడుతున్నామనీ, మేస్త్రిగారి నోటుపుస్తకాలు అమూల్యమనీ చెప్పాడు. నేను అతన్ని బయటికి పంపేద్దామనుకున్నాను. మామయ్య లోపలికెళ్ళి నాలుగూ తెచ్చాడు.

"ఇస్తాను. మొదటి పేజీలో ఒక మాట రాసి ఇస్తాను."

"తప్పకుండా! మీ చేతిరాతతో ఉంటే ఇంకా గొప్ప."

కళ్ళద్దాలు పెట్టుకుని, కలం తీసుకుని, చాలాసేపు రాశాడు. నా ముందే రాశాడు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పగలను: "ఈ ఇల్లు విప్పింది నేను, ల్యూడర్ మైనెకె. విప్పేనాటికి నిటారుగా నిలబడి ఉంది. స్తంభాల్లో రెండింటికి తప్ప జబ్బు లేదు. మెట్టా హార్మ్స్ వద్దంది. తిరిగి నిలబెడతానని నేనే ఒప్పించాను. నిలబెట్టలేదు."

అతను రెండుసార్లు చదివాడు. "పెన్సిలుతో రాసుంటే బాగుండేదండి," అన్నాడు చివరికి.

"అందుకే కలంతో రాశాను," అన్నాడు మామయ్య.

ఆయన ఎనభై నాలుగు ఫిబ్రవరిలో పోయాడు, నిద్రలో, పెద్ద బాధ లేకుండా. ప్రదర్శన జూన్‌లో మొదలైంది. నేను వెళ్ళాను. నోటుపుస్తకం అద్దాల పెట్టెలో ఉంది, పదిహేడో పేజీ దగ్గర తెరిచి. పక్కన చీటీ: "జిల్లా యంత్రాంగం సంరక్షించిన పత్రాల నుంచి." కాపలాకి కూర్చున్న అమ్మాయిని మొదటి పేజీ తిప్పమని అడిగాను.

"అక్కడ రాతే కదండీ ఉంది. ఇక్కడ బొమ్మ అందంగా ఉంది," అంది.

"రాసినాయన మా మామయ్య."

"అయ్యో, అలాగా! చాలా బాగా గీశారండి."

మూడు నెలలు ప్రదర్శన నడిచింది. పేజీ తిప్పలేదు. ముగిశాక పుస్తకాలు తిరిగి పంపమని రెండు ఉత్తరాలు రాశాను. రెండోదానికి జవాబు వచ్చింది. వాటికి తగిన చోటు చూస్తున్నామనీ, అందాకా గిడ్డంగిలో ఉంటాయనీ, నా శ్రద్ధకు ధన్యవాదాలనీ.